ఈమె నీకు ఏమైతది?

పారిపోతున్న మగవాడికి దారిలో ఒక పసిపిల్ల దొరకడం కథల్లో పాత సంగతే. 1862లో వచ్చిన విక్టర్ హ్యూగో 'లే మిజరబుల్స్'లో జైలు నుంచి తప్పించుకున్న జీన్ వాల్జీన్, చీకట్లో తన బరువుకు మించిన నీళ్ల బకెట్ మోస్తున్న కోసెట్ చేతిలోంచి ఆ బకెట్ అందుకుంటాడు. మనవాళ్లకి ఆ కథ 1950లో నాగయ్య నటించిన 'బీదలపాట్లు'గా తెలుసు. ఆ సన్నివేశంలో కన్నీళ్లు పెట్టుకోనివాళ్లు తక్కువ. నేనూ పెట్టుకున్నాను. కానీ ఇలాంటి కథలన్నిటిలోనూ ఆ పిల్ల చేసే పని ఒకటుంటుంది. ఆ మనిషి మంచివాడని మనకి రుజువు చేయడం. పోలీసుల దస్త్రాల్లో అతను దొంగ, పిల్ల కళ్లలో తండ్రి. అతని పాపాన్ని కడిగే నీళ్లు కూడా ఆ పిల్లే మోస్తోంది అన్నమాట. ఆ చీకట్లో, అప్పుడే చూసిన మగవాడి వెనక నడుస్తూ ఆమె ఏమనుకుందో రాయడానికి పెద్దగా ఎవరికీ తీరిక లేదు.

అదే పారిపోతున్నది స్త్రీ అయితే? అప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న వేరు. ఈమె పిల్లలేరి? ఎవరికి వదిలేసి వచ్చింది?

నాలుగేళ్లుగా నేనొక కథ రాస్తున్నాను. కథ అంటే నిజంగా కథే, పరిశోధనా వ్యాసం కాదు. ఇన్నేళ్లూ స్త్రీల మౌఖిక కథనాల మీద పనిచేసి, ఇతరుల మాటలకు అధోజ్ఞాపికలు రాసి రాసి అలవాటైన చేతికి ఇది కొంచెం కష్టంగానే ఉంది. కథలో ఇద్దరే మనుషులు. పోలీసులు వెతుకుతున్న ఒక స్త్రీ, గడి నుంచి పారిపోయిన పదకొండేళ్ల పిల్ల. 1949 ఎండాకాలంలో సూర్యాపేట తాలూకాలో మొదలై మునగాల, కోదాడ మీదుగా జగ్గయ్యపేట వైపు మూడు రాత్రులు, ఒక పగలు సాగే నడక. ఆ పిల్ల మా అమ్మమ్మ.

అమ్మమ్మ ఆడబాప. ఈ మాట తెలియనివాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి చెప్పాలి. తెలంగాణ దొరల ఇళ్లలో కూతురికి పెళ్లి చేసి పంపేటప్పుడు బంగారం, పశువులు, సామానుతో పాటు అరణంగా ఆడపిల్లల్ని కూడా పంపేవాళ్లు. వెట్టి కులాల పిల్లలు. దొరసాని కాళ్లు పట్టడం, నీళ్లు తోడిపెట్టడం, ఇసుర్రాయి తిప్పడం, రాత్రి ఆమె గది గుమ్మం దగ్గర పడుకోవడం వాళ్ల పని. పెద్దయ్యాక వాళ్ల శరీరాలు కూడా ఆ ఇంటి మగవాళ్లవే. వాళ్లకి పెళ్లి ఉండదు, పుట్టిన పిల్లలకి తండ్రి పేరుండదు. మాది చాకలి కులం. అమ్మమ్మని ఏడేళ్ల వయసులో పంపారు. 1947, 48ల్లో సంఘం బలపడి దొరలు పట్నానికి పారిపోయినప్పుడు గడి ఖాళీ అయింది, ఆమె తల్లి దగ్గరికి వచ్చేసింది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయిందని జనం ఊపిరి పీల్చుకునేలోపే, పట్నం వెళ్లిన దొరలు సైన్యం వెనకే ఊళ్లకి తిరిగి రావడం మొదలైంది. పంచుకున్న భూములు వెనక్కి అడిగారు. అమ్మమ్మనీ వెనక్కి అడిగారు. పాఠ్యపుస్తకాల్లో భూముల సంగతి ఉంటుంది.

ఇక ఆ స్త్రీ. ఆమె గురించి అమ్మమ్మకి తెలిసింది తక్కువ. వయసు ఇరవైకి కొంచెం అటూఇటూ. దళంలో ఉండేదో, కబుర్లు మోసేదో, డెన్ నడిపేదో తెలియదు. కాళ్లు మెత్తగా ఉండేవట. "నడవడం నేర్సుకున్న కాళ్లు, పుట్టంగనే నడిసిన కాళ్లు గావు" అనేది అమ్మమ్మ. అంటే భూమి ఉన్న ఇంటి పిల్ల. అప్పటి పార్టీలో అలాంటి ఆడపిల్లలు కొత్త కాదు. మల్లు స్వరాజ్యం పుట్టింది అలాంటి ఇంట్లోనే. ఆమె తల మీద ప్రభుత్వం పదివేల రూపాయల వెల పెట్టిన సంగతి, అడవిలో ఆమె రాజక్కగా తిరిగిన సంగతి మనకి తెలుసు. తెలియనివాళ్లు ఇంకెంతమందో.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకి అజ్ఞాతంలో ఉన్న స్త్రీకి పసివాళ్లంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పిల్ల ఏడిస్తే పదిమంది ప్రాణం పోతుంది. దళంలో బిడ్డను ఉంచుకునే వీల్లేక వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ చెప్పుకున్నది నేను ఎన్నిసార్లు చదివినా ఆ పేజీల దగ్గర ఆగిపోతాను. కన్నబిడ్డనే వద్దన్న బతుకులో, ఎవరో తెలియని పిల్లని ఆమె వెంట ఎందుకు తీసుకెళ్లింది? నా కథ నిలబడాలంటే నేను జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

రెండేళ్ల క్రితం కొందరు రచయిత్రులం కలిసి కూర్చున్నప్పుడు నా చిత్తుప్రతి చదివాను. ఎక్కువమంది చెప్పిన జవాబు నేను ఊహించిందే. పిల్లని చూడగానే ఆమెలో తల్లి మేలుకుంది. ఒకావిడ ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఆమెకి అంతకుముందే ఒక బిడ్డ పోయినట్టు పెడితే బాగా అతుకుతుందన్నారు. అతుకుతుంది, అందులో సందేహం లేదు. అందుకే నాకు ఇష్టం లేదు. స్త్రీ చేసే ఏ మంచి పనికైనా వెనక గర్భసంచే ఉండాలా? తుపాకీ దాచడం, కబురు మోయడం, పార్టీ చెప్పిన చోట చెప్పిన మనిషికి భార్యగా నటించడం ఇవన్నీ ఆలోచించి చేసిన మనిషి, పిల్ల చెయ్యి పట్టుకునేసరికి ఆలోచన మానేసిందని నేను నమ్మను.

అమ్మమ్మ నమ్మలేదు కూడా. ఆమె లెక్క చాలా సూటిగా ఉండేది. ఒంటరి ఆడది రాత్రిపూట బాట మీద కనపడితే ఎవరైనా ఆపుతారు. పక్కన పిల్ల ఉంటే చుట్టాలింటికి పోతోందనుకుంటారు. "నేనుంటె ఆమెకు మంచిగనే ఉన్నది. ఆమె ఉంటె నాకు మంచిగనే ఉన్నది." ఈ మాట అనేటప్పుడు ఆమె గొంతులో నిష్ఠూరం ఉండేది కాదు. సంతలో ఇచ్చిపుచ్చుకున్న లెక్క చెప్పినట్టు చెప్పేది.

అంటే ఆ పిల్ల ఆమెకి ముసుగు. ఇది అర్థమయ్యాక నాకు కొన్నాళ్లు కథ ముందుకు సాగలేదు. ఒకరి ప్రాణాన్ని ముసుగుగా వాడుకోవడం అనేసరికి నాకు గుర్తొచ్చింది కుంతి. పాండవులు ఏకచక్రపురంలో తలదాచుకున్న రోజులు గుర్తుచేసుకోండి. ఆశ్రయమిచ్చిన ఇంట్లో బకాసురుడి వంతు వచ్చింది, ఎవరు వెళ్లాలని తల్లీ తండ్రీ కూతురూ ఏడుస్తూ వాదించుకుంటున్నారు, మాటలు కూడా సరిగ్గా రాని పసివాడు గడ్డిపరక పట్టుకుని దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటున్నాడు. అది విని కుంతి భీముణ్ణి పంపుతానంటుంది. ధర్మరాజు వద్దంటాడు, మన బలమంతా వాడే కదా అని. ఆమె వినదు. అజ్ఞాతంలో ఉన్నవాళ్లు, పరాయి పిల్లల కోసం తమ ఉనికి బయటపడే ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవడం. మన సాహిత్యంలో ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడుంది?

కానీ వాళ్లు ఏకచక్రపురం చేరిందెలా? అంతకుముందు వారణావతంలో లక్క ఇల్లు కాలిన రాత్రి, కుంతి పెట్టిన విందుకొచ్చి తాగి నిద్రపోయిన ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు ఆ ఇంట్లోనే ఉన్నారు. తెల్లారాక ఊరివాళ్లకి దొరికిన ఆరు శవాలు వాళ్లవి. పాండవులు చనిపోయారని లోకం నమ్మింది ఆ శవాల వల్లే. మహాశ్వేతాదేవి ఒక కథలో, యుద్ధమంతా అయిపోయాక అడవిలో ఉన్న ముసలి కుంతి ముందుకి ఒక నిషాద స్త్రీని తెచ్చి నిలబెడుతుంది. కుంతి తన పాపాలన్నీ తలుచుకుంటోంది, కర్ణుణ్ణి తలుచుకుంటోంది. ఆ ఆరుగురు మాత్రం ఆమె జ్ఞాపకంలోనే లేరు. ఆ కథ నేను నా విద్యార్థులకి ఏటా చెబుతాను. క్లాసులో ఎప్పుడూ ఒకరిద్దరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

అందుకని నా కథలోని స్త్రీ గురించి నేను తేల్చుకోవాల్సింది ఇది. ఆమె ఏకచక్రపురంలో కుంతా, వారణావతంలో కుంతా? టోనీ మారిసన్ 'బిలవ్డ్'లో నాకు కొంత ఊరట దొరికింది. 1987లో వచ్చిన ఆ నవలలో బానిసత్వం నుంచి పారిపోతున్న నిండు గర్భిణి సేథకి అడవిలో ఎదురయ్యేది ఏమీ డెన్వర్ అనే తెల్లపిల్ల. ఆమె కూడా పారిపోతున్నదే, కట్టుబానిస పని నుంచి. బోస్టన్ వెళ్లి మఖ్మల్ గుడ్డ చూడాలని ఆమె కోరిక. ఆమె మాటల్లో మంచితనం కంటే మోటుతనమే ఎక్కువ. సేథని 'మనిషి'గా చూసిందని కూడా గట్టిగా చెప్పలేం. కానీ వాచిపోయిన ఆ కాళ్లు పిసికింది, పురుడు పోసింది, వెళ్లిపోయింది. మారిసన్ ఆమెని దేవత చేయలేదు. నాకు అది కావాలి.

ఇప్పుడు నా కథలో నన్ను బాగా ఇబ్బంది పెడుతున్న చోటుకొస్తాను. మూడోరోజు పగలు. పాలేరు ఏరు దాటాక (ఆ పేరు వింటే అమ్మమ్మకి నవ్వు, ఏరు కూడా పాలేరేనా అని) బాట మీద పోలీసులు ఆపారు. వాళ్లకి తెలుగు రాదు. పక్కన ఊరి పోలీసు పటేలు ఉన్నాడు. వాళ్లు ఏదో అన్నారు, పటేలు పిల్ల వైపు తిరిగి అడిగాడు. "ఈమె నీకు ఏమైతది?"

అమ్మమ్మ ఏమని జవాబిచ్చింది? నాకు ఎనిమిదేళ్లప్పుడు మొదటిసారి ఈ కథ చెప్పినప్పుడు, "మా అమ్మ అన్న" అంది. నేను ఎం.ఏ. చదువుతుండగా మళ్లీ అడిగితే, "ఏమన్లె. కొంగు పట్టుకొని నిలవడ్డ" అంది. 2019లో, మంచం పట్టడానికి కొంచెం ముందు, నేను అడక్కుండానే చెప్పింది. "మా దొరసాని అన్న. నెత్తిమీద మూట ఉండె గద."

మౌఖిక చరిత్రతో పనిచేసేవాళ్లకి ఇలాంటి తేడాలు కొత్త కాదు. జ్ఞాపకం మారిందంటాం, వినేవాళ్లని బట్టి చెప్పేవాళ్లు మారుస్తారంటాం. ఎనిమిదేళ్ల మనవరాలికి ఒకటి, చదువుకున్న మనవరాలికి ఒకటి. నిజమే. కానీ ఆ మూడో జవాబు విన్నాక మిగతా రెండూ నాకు నిలబడలేదు. ఆలోచించండి. ఆ మెత్తని కాళ్లు, ఆ మాటతీరు ఉన్న స్త్రీని ఈ పిల్లకి తల్లి అంటే పటేలు నమ్ముతాడా? చూడగానే కులం పోల్చగలిగినవాడు కాబట్టే కదా వాడు పటేలు. పగటిపూట బాట మీద ఆ ఇద్దరూ కలిసి నడవడానికి ఊరందరూ ప్రశ్న వేయకుండా ఒప్పుకునే సంబంధం ఒక్కటే ఉంది. ముందు దొరసాని, వెనక మూట మోస్తున్న ఆడబాప. గడి నుంచి పారిపోవడానికి ఆ పిల్ల మళ్లీ గడి వేషమే కట్టింది. ఆ మూటలో ఏముందో ఆమెకి తెలియదు. పార్టీ కాగితాలై ఉంటే, పోలీసులు విప్పి ఉంటే, దొరికేది ఎవరి నెత్తి మీద?

అది ఆ స్త్రీ ముందే ఆలోచించి పెట్టిన వేషమా, ఆ క్షణాన పిల్ల నోటికి వచ్చిన మాటా? దీన్ని నేను చాలారోజులు అటూఇటూ తిప్పి చూశాను. ముందే ఆలోచించిందయితే ఆమె వారణావతం వైపు కొంచెం జరుగుతుంది. పిల్ల నోటికే వచ్చిందయితే, ఆ పదకొండేళ్ల బుర్ర ఆ బాట మీద ఉన్న అందరికంటే చురుకైంది. కాపాడింది ఆమే. నేను రెండో దాన్నే తీసుకున్నాను. పక్షపాతమే, మా అమ్మమ్మ కదా.

మూడుసార్లు చెప్పినా ఒక్క సంగతి మాత్రం మారలేదు. పోలీసులు వదిలేశాక, బాట మలుపు తిరిగి వాళ్లు కనపడకుండా పోయాక, ఆమె పిల్ల నెత్తి మీది మూట తీసి తన నెత్తిన పెట్టుకుంది. ముందు నువ్వు నడువమంది. రాత్రి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నా చిత్తుప్రతి విన్న మిత్రులు ఇది మరీ సినిమా సన్నివేశంలా ఉంది, తీసేయమన్నారు. కల్పించి ఉంటే తీసేసేదాన్నే.

అసలు చిక్కు మా అమ్మతో. అమ్మ ముప్ఫై మూడేళ్లు బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైంది. తన తల్లి గడిలో ఉందన్న సంగతి మా నాన్నవైపు వాళ్లకి ఈనాటికీ చెప్పలేదు. చిత్తుప్రతి ఇస్తే కళ్లజోడు పెట్టుకుని, చేతిలో పెన్సిలుతో, కాంపోజిషన్ నోటుబుక్కు దిద్దినట్టు చదివింది. 'ఆడబాప' అన్న చోటల్లా కింద గీత గీసింది. "కథ బాగనే ఉంది. పనిపిల్ల అని రాయి, సరిపోతది" అంది. సరిపోదన్నాను. "ఆ మాటకి ఊళ్ల వేరే అర్థమున్నది. నీకు తెలుసు."

తెలుసు. ఆడబాప అంటే వినేవాళ్లు పదకొండేళ్ల పిల్ల అరిగిన చేతుల్ని ఊహించరు, పదిహేనేళ్ల పిల్ల పక్కని ఊహిస్తారు. అమ్మమ్మ పారిపోయింది సరిగ్గా ఆ పదిహేనో ఏడు రాకుండానే. అయినా ఆ మాట అంటుకుంటే వదలదని అమ్మ భయం. చరిత్ర బయటికి రావాలి, మౌనం బద్దలవ్వాలి అని మనం వ్యాసాల్లో ఎంత సులువుగా రాస్తాం! ఆ మౌనం వెనక నాలుగిళ్లలో తలెత్తుకు తిరిగిన ఒక కుటుంబం ఉంటుంది. అమ్మ కూడా తన తల్లిని కాపాడుతోంది. కాపాడటం, కాపలా కాయడం రెండూ ఒకే వేరు నుంచి పుట్టిన మాటలు. గడికీ కాపలా ఉండేది. మన ఇళ్లల్లో ఆడపిల్లలకి కాపుదల పేరుతో జరిగేదేమిటో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను చెప్పాలా. కానీ అమ్మ చేసేది అదీ ఇదీ ఒకటేనని గిరిగీసి చెప్పడానికి నాకు మనసు రాలేదు.

చివరికి ఒక ఏర్పాటుకొచ్చాం. మాట ఉంటుంది. ఊరి పేరు ఉండదు, ఇంటి పేరు ఉండదు, నా పేరుతోనే కథ వస్తుంది కాబట్టి ఆ పిల్ల నా అమ్మమ్మ అని కథలో ఎక్కడా ఉండదు. ఈ వ్యాసంలో చెప్పుకోవడానికి కూడా అమ్మని అడిగే చెబుతున్నాను. "అది మీ ఆడోళ్ల పత్రికే కదా, వాళ్లకైతే చెప్పు" అంది. మీ మీద ఆమెకున్న నమ్మకం అది.

ఇక మిగిలిన చిన్న చిన్న పనులు చాలా ఉన్నాయి. కథ పిల్ల వైపు నుంచే చెబుతున్నాను, కానీ ఆమె 'నేను' అనదు. గడిలో పెరిగిన పిల్ల నోట 'నేను' అంత తొందరగా రాదనిపించింది. 'నీ బాంచన్' అనడం అలవాటైన నోటికి మొదటిరాత్రి 'అక్కా' అని పిలవడానికి ఎంత దూరం నడవాల్సి వచ్చింది? నేను దానికి రెండు పేజీలు ఇచ్చాను, ఇంకా ఇవ్వాలి. తిండి సంగతి సులువు. సద్దిమూటలో జొన్నరొట్టె, దారిలో తునికిపండ్లు, ఒకచోట ఎవరో గొల్లాయన పోసిన గట్క, కప్పుకోవడానికి ఇచ్చిన గొంగడి. అమ్మమ్మ తిన్నవన్నీ గుర్తుపెట్టుకుంది. మాటలు తక్కువ గుర్తు.

విడిపోవడం కూడా తొందరగానే అయిపోతుంది. జగ్గయ్యపేట దగ్గర ఒక ముసలామె ఇంట్లో వదిలి, రెండ్రోజుల్లో వస్తానని వెళ్లింది. సరిహద్దు దాటినంత మాత్రాన ఆమెకి భద్రత లేదు, అటు మద్రాసు రాష్ట్రం పోలీసులూ కమ్యూనిస్టుల్ని వెతుకుతూనే ఉన్నారు. రాలేదు. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటించాక కూడా రాలేదు. ఆ ముసలామే అమ్మమ్మని పెంచింది, పెళ్లి చేసింది.

పీహెచ్.డి. చేస్తున్న రోజుల్లో, 2014 వేసవిలో, నేను 'మనకు తెలియని మన చరిత్ర'ని అమ్మమ్మకి పైకి చదివి వినిపించాను. రోజుకొకరి కథ. చింతపండు గింజలు తీస్తూ వినేది. ప్రతి కథ అయిపోయాక ఒక్క క్షణం ఆగి, "ఈమె గాదు" అనేది. ఎట్లా తెలుసమ్మమ్మా అంటే, "ఆమె ఇంతసేపు మాట్లాడదు" అంది ఒకసారి. ఇంకోసారి, "పేరు గాదు గద" అంది.

అప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. అంటే ఆమె పేరు నీకు తెలుసా?

తెలుసట. మొదటిరాత్రే చెప్పిందట. అసలు పేరో, పెట్టుకున్న పేరో. ఏమిటని అడిగాను. "చెప్పొద్దన్నది. ఎవ్వరడిగినా చెప్పొద్దన్నది" అని అమ్మమ్మ మళ్లీ చింతపండు మీదికి వంగింది. నేను బతిమాలాను, ఇప్పుడు పోలీసులూ లేరు, దొరలూ లేరు, నేను నీ మనవరాల్ని అన్నాను. నవ్వింది తప్ప చెప్పలేదు. ఆ తర్వాత ఏడేళ్లలో ఎన్నోసార్లు అడిగాను, ఒకసారి నిద్రలో ఉన్నప్పుడు కూడా. 2021లో ఆమె పోయింది.

నా కథలో ఆ స్త్రీకి పేరు లేదు. 'ఆమె' అని రాసుకుంటూ వస్తున్నాను. పోయిన నెల అమ్మ రెండోసారి చిత్తుప్రతి దిద్దుతూ ఆ పేజీల దగ్గర పెన్సిలు ఆపి అడిగింది.

"నీకన్న చెప్పిందా, పేరు?"

"లేదమ్మా. నీకు?"

"నాకా? నేను అడగనే లేదు" అని పేజీ తిప్పింది.